కార్తీకమున చేలపై వ్రాలు పక్షులు

వరి వెన్నులు వంగి, కోతకు కూలివారిని మాటలాడుకొను దినములివి. ఈ దినములలో మన గ్రామములందు పక్షులను గూర్చి వినవచ్చు మాట సాధారణముగా నొక్కటే: తోలవలెను. మంచెపై నొక పిల్లవానిని కూర్చుండబెట్టుట, డబ్బా మ్రోగించుట, ఒడిసెల విసరుట పూర్వమునుండి యున్నవే. ఇటీవల వలలు కట్టుటయు, విషము పట్టించిన గింజలు చల్లుటయు వీనికి తోడైనవి. తోలుట యవసరము కాదని నేననను. చేతికందిన పంటను పిట్టలపాలు చేయుమని రైతునకు చెప్పువాడు రైతుబిడ్డ కానేరడు. అయితే తోలుటకు ముందు చేయవలసిన పని యొకటి గలదు, అది చూచుట. దానికి పైసా ఖర్చు లేదు. కార్తీక మార్గశిరములకు మించిన యదను దానికి లేదు. ఏలయన, సంవత్సరము పొడుగున మన యూరిలోనే యుండు పక్షులు, చలికాలము గడపుటకు పరదేశమునుండి వచ్చునవి, నీరు నిండిన చెరువులను వెదకికొని వచ్చి గూళ్లు కట్టునవి, ఈ మూడు తరగతులును మన కన్నుల యెదుట నొక్కమారుగా నుండు కాలమిదియే.

చూచుటకు మంచి వేళ ప్రొద్దుపొడిచిన పిమ్మట నొక గంట. మరల ప్రొద్దుగ్రుంకుటకు ముందు నొక గంట. దట్టముగా మంచు కప్పియున్నప్పుడు పోయిన ఏమియు కానరాదు. సూర్యుని వీపువైపున నుంచుకొని, గట్టుమీది తుమ్మచెట్టు మొదటనో గడ్డివామి చాటుననో కూర్చుండవలెను. నడచుచు చూచినచో పక్షులు లేచిపోవును. పావుగంట కదలక కూర్చున్నచో అవి మనలను మరచి తమ పనిలో బడును. తెల్లని తలగుడ్డ తీసివేయుట మేలు. దుర్భిణి యున్న మంచిదే గాని, లేకున్నను లోటు లేదు. పుస్తకమును పెన్సిలును మాత్రము జేబులో నుండవలెను. మిషను పాఠశాలలో మాకు ప్రకృతిపాఠము చెప్పిన యుపాధ్యాయులు, పక్షి పేరేమని యడుగుటకు ముందు దాని ముక్కెట్లున్నదని యడుగుచుండిరి. ఆ క్రమము నేటికిని నాకు పనికివచ్చుచున్నది. పిచ్చుకకు, గిజిగానికి ముక్కు పొట్టిది, మొదట లావుగా నుండును. గింజ చిట్లించుటకు తగినది. గ్రద్దకు, గూబకు కొన క్రిందికి వంగియుండును, మాంసము చీల్చుటకు. ఉల్లంకి ముక్కు పొడవు; బురదలో గ్రుచ్చి పురుగును తీయుటకు. ముక్కు చూచిన పిమ్మట, ఆ ముక్కులో నేమున్నదో చూడుడు. ఇంతమాత్రము చేసిన రైతు సగము తీర్పు సరిగా చెప్పగలడు.

మొదట ఇంటి పక్షులను చూతము. చేని నడుమ నొక కఱ్ఱయున్న, దానిపై నల్లగా నిగనిగలాడుచు, చేపతోకవలె చీలిన తోకతో కూర్చుండునది ఏట్రింత. పసులపోలిగాడని కొన్ని తావుల నందురు; పసుల వీపుల నెక్కి తిరుగుటచే నాపేరు వచ్చినది. ఇది యొక్క గింజయైన ముట్టదు. కూర్చున్నచోటునుండి బాణమువలె దిగి మిడుతనో పురుగునో పట్టి తిరిగి ఆ కఱ్ఱకే వచ్చును. ఒక యరగంట కూర్చుండి ఎన్నిమారులు దిగినదో లెక్కపెట్టుడు. ఆ లెక్క నేను చెప్పినదానికంటె మీకు ఎక్కువ నమ్మకము కలిగించును. కావుననే శనగ, కంది చేలలో పచ్చపురుగు పడు ఈ కాలమున ఎకరమునకు ఎనిమిది మొదలు ఇరువది వరకు పంగకఱ్ఱలు నాటుమని వ్యవసాయశాఖవారు చెప్పుచుందురు. కఱ్ఱ పంటకంటె ఒకటి రెండు అడుగులు ఎత్తుగా నుండవలెను. వరిచేలలోనైతే వెన్ను పాలుపట్టగానే ఈ కఱ్ఱలను పీకివేయవలెను. లేనిచో నిన్నటివరకు ఏట్రింతకు పీటయైన కఱ్ఱ రేపటినుండి పిచ్చుకలకు పీట యగును. ఈ చిన్న విషయమును మరచి, కఱ్ఱలు నాటిన తరువాతనే పిట్టలు హెచ్చినవని కొందరు మాతో తగవులాడుట కలదు.

పశువుల వెంట తిరుగు తెల్లకొంగను ఎరుగనివారు లేరు. ఎద్దు కాలికదలికకు గడ్డిలోని మిడుత లేచును. కొంగ దానిని పట్టును. పశువు ప్రక్కనున్న కొంగకు ఒంటరిగా తిరుగు కొంగకంటె తక్కువ శ్రమతో ఎక్కువ మేత దొరకునని శాస్త్రజ్ఞులు లెక్కించి చూపిరి. అరక వెంట నడచు గోరువంకలును అట్టివే. చాలున బయటపడిన వేరుపురుగును, కోశస్థ పురుగును ఏరుకొనును. ఇదేమియు క్రొత్త సంగతి కాదు. బీహారులోని పూసా వ్యవసాయ పరిశోధనాలయమున మేసన్, మాక్స్‌వెల్ లెఫ్రాయ్ అను నిరువురు మన దేశపు పక్షుల కడుపులు కోసి, అందున్న యాహారమును పరీక్షించి, 1912లో నొక పెద్ద గ్రంథము ప్రకటించిరి. ఏ పక్షి యెవరి పక్షమో వాదనచే గాక కడుపును చూచి నిర్ణయించిన పని యది. ఆనాటి గ్రంథమును తిరుగవేసినను, కేవలము గింజయే తిని బ్రదుకు పక్షులు మన చేలలో కొద్దియనియు, తక్కినవి గింజను పురుగును కలిపి తినునవో, పురుగునే తినునవో యనియు తేటపడును.

ఇక దొంగల సంగతి. గిజిగాడు, ఊరపిచ్చుక, చిలుక, పావురము, గువ్వ: వీనివలన నష్టము గలదు, దాచి ప్రయోజనము లేదు. గిజిగాడు వానకాలమున తాటిచెట్లపై, ఈతచెట్లపై గూడు కట్టి, పిల్లలకు మెత్తని పురుగులను తెచ్చి పెట్టును. కార్తీకమునకు ఆ గూళ్లు ఖాళీయగును. పెరిగిన పిల్లలతో గూడి గుంపులుగా వరిపై వ్రాలును. అదే పక్షి శ్రావణమున మన పనివాడు, కార్తీకమున మన దొంగ. నేను చెప్పదలచినది ఇదియే: ఈ పక్షి మిత్రమా, శత్రువా యని అడుగుట సరియైన ప్రశ్న కాదు. ఏ వారమున, ఏ చేనిలో, ఏ వేళ నష్టము చేయుచున్నదని యడుగవలెను. ఆ వారము తెలిసినచో కాపలా పదునాలుగు దినములకు చాలును. తెలియనిచో నెలలకొలది డబ్బాలు మ్రోగించియు పంట దక్కదు.

వెన్ను పాలుపోసికొను నాటినుండి గింజ గట్టిపడు వరకు నష్టము ఎక్కువ. అదియు చేనంతటను సమముగా నుండదు. చెట్లకు, పొదలకు, తీగెలకు దగ్గరనున్న అంచుసాళ్లలో హెచ్చు. ఊరందరికంటె ముందు పండిన చేనును, అందరికంటె వెనుక పండిన చేనును పక్షులు వదలవు. ఒకే వారమున పండిన నూరు ఎకరముల పెద్ద బీటిలో తలా కొంచెము పోయి ఎవరికిని బరువుగా తోచదు. ఒకే రకమును ఒకే కాలమున నాటుట సహకార సంఘములవారు తలచుకొనిన చేయగల పని. ఒంటరి రైతు చేయలేడు. ఒక వైపు ఎరుపును, మరియొక వైపు వెండివన్నెయు గల మెరయు రిబ్బను కూడ మంచి సాధనము. దానిని పురిపెట్టి, చేనికి ఉత్తర దక్షిణములుగా గుంజలకు కట్టినచో ఉదయపుటెండ తగిలి తళుక్కుమనును, గాలికి రొదచేయును. పంట తల యెత్తుకంటె అడుగు పైగా నుండవలెను. విత్తిన నాటినుండియే కట్టియుంచినచో పక్షులు దానికి అలవాటుపడును. గింజ పాలుపట్టినప్పుడు కట్టి, కోతతో విప్పి చుట్టి దాచుకొనవలెను. మొక్కజొన్నలో అంచు వరుసల పొత్తులకు ఆ మొక్క ఆకులనే చుట్టిన చిలుకలకు పొత్తు కానరాదు. ఖర్చు లేదు; చేతిపని మాత్రము కలదు.

రామచిలుక ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ రాష్ట్రపక్షి యని కొందరు రైతులకు తెలియదు. 2018 వరకు ఆ గౌరవము పాలపిట్టకు ఉండెను. ఆ యేట మార్పుచేసిరి. మొక్కజొన్నను దోచు పక్షికి పురుగులు తిను పక్షిని తీసి పదవి ఇచ్చిరని మా ప్రాంతమున నొక పెద్దరైతు పరిహాసమాడెను. తెలంగాణలో పాలపిట్టయే రాష్ట్రపక్షి. దసరానాడు దానిని చూచుట శుభమని మనవారి నమ్మకము, మంచి నమ్మకమే. కాని దర్శనమునకై పట్టి, కాళ్లు కట్టి, పంజరమున పెట్టి ఇంటింట త్రిప్పి రూపాయలు గైకొను ఆచారము ఆ నమ్మకమునకే కళంకము. పండుగ గడచిన మూడు వారములకు కార్తీకము వచ్చును. అప్పుడు తంతితీగెపై నుండి మిడుతలకై దిగు స్వేచ్ఛాపక్షిని పొలమున ఉచితముగా చూడవచ్చును. రెక్క విప్పినంతనే ఆ నీలము కన్నులకు పండుగ.

పరదేశమునుండి వచ్చు అతిథులను గుర్తించుట ఎక్కువ వినోదముగా నుండును. చెరువుగట్టున, తడిపిన మడిలో తోక క్రిందికి మీదికి ఆడించుచు పరుగెత్తు కాటుకపిట్టలు ఆశ్వయుజమునకు చేరి, ఫాల్గుణము దాటిన తరువాత వెడలిపోవును. హిమాలయములలోను, వాని ఆవలి చలిదేశములలోను పిల్లలను పెంచుకొని, మన మడిలో దోమలను, చిన్న యీగలను తినుటకు ఇంతదూరము వచ్చును. పెద్ద చెరువులలో దిగు చారల తలబాతు హిమాలయములను దాటి వచ్చునది. ఏడువేల మీటర్లకు పైబడిన యెత్తున అది ఎగురుట యంత్రములు కట్టి కొలిచిరి. జక్కవలును ఈ కాలపు చుట్టములే. పైరులపై నిలువు మనిషి యెత్తున, రెక్కలు పైకెత్తి, ఒరుగుచు, తూలుచున్నట్లు ఎగురు పిల్లిగ్రద్దలను చూచితిరా? అవి మధ్య ఆసియా గడ్డిబీళ్లనుండి వచ్చి, పగలు మిడుతలను, చుంచులను వేటాడి, రాత్రి గడ్డిలో నేలపైనే గుంపుగా నిద్రించును. నంద్యాల జిల్లాలోని రోళ్లపాడు బీళ్లు వానికి పేరుపొందిన విడిది. బీడును దున్నిన వానికి నిద్రించుటకు చోటు లేదు. బీడు నిరుపయోగమను మాట మరల నాలోచింపదగినది.

అముర్ డేగ యను చిన్న పక్షి కథ మరియు విచిత్రము. సైబీరియా తూర్పుభాగమున, ఉత్తర చైనాలో పుట్టి, ఈ మాసములలోనే మన దేశము నడ్డముగా దాటి, అరేబియా సముద్రముపై నిలువక యెగిరి, దక్షిణ ఆఫ్రికాకు పోవును. దారిలో నాగాలాండునందలి దోయాంగ్ జలాశయము కడ లక్షలకొలది దిగి చెదలను తినును. అచ్చట 2012లో వలలు పన్ని వేలకొలది చంపుట లోకమునకు వెల్లడియైనది. మరుసటి సంవత్సరము, అనగా 2013లో, ఆ గ్రామములవారే కూడి వలలు పెట్టరాదని కట్టుబాటు చేసికొనిరి. ఆ యేట వేట నిలిచినది. చట్టమును మించిన పని గ్రామసభ చేసినది గనుక సహకారులమైన మనకు ఈ సంగతి ప్రత్యేకముగా చెప్పుచున్నాను.

మన సీమలో నిట్టి కట్టుబాటు గల గ్రామములు లేవనుకొనవలదు. శ్రీకాకుళము జిల్లా టెక్కలి దగ్గర తేలినీలాపురమునకు గూడబాతులు, ఎఱ్ఱకాళ్ల కొంగలు యేటేట వచ్చి ఊరి నడుమ చింతచెట్లపై గూళ్లు కట్టును. అవి రాకున్న పంట లేదని ఆ యూరివారి నమ్మకము. 2018 అక్టోబరున తిత్లీ తుఫాను ఆ చెట్లను కూల్చినప్పుడు ఊరివారు తమ యిండ్లకు చింతించినంత వానికిని చింతించిరి. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువులును, దొరవారిసత్రము సమీపమున 1976లో రక్షితస్థలముగా ప్రకటింపబడిన నేలపట్టు చెరువును ఇట్టివే. నేలపట్టులో గూడబాతులు నీటిలో నిలిచిన చెట్లపై నుండగా, వాని రెట్ట చెరువులో కలియును. ఆ నీరు పారిన మళ్లకు ఎరువు పారినట్లే. బస్తాలపై వ్రాయబడని ఎరువు ఇది. కొల్లేటి మాట యెత్తిన చేపలచెరువుల తగవు వచ్చును. 2006లో గట్లు త్రవ్వివేసిన నాటినుండి ఆ గాయము మానలేదు. దానిని ఇచ్చట తేల్చుటకు స్థలము చాలదు.

ఇప్పుడు చేదుమాట. మొన్నటి సంవత్సరము మార్గశిరమున నేను పంట ప్రదర్శనకై పోయిన యొక గ్రామమున (పేరు చెప్పను) కొందరు గుళికమందు కలిపిన నూకలను మినుము చల్లిన మడిగట్లపై వేసిరి. గువ్వలు విత్తనము తినుచున్నవని వారి బాధ; బాధ నిజమే. తెల్లవారి చూడగా గువ్వలు పదునాలుగు, గోరువంకలు ముప్పదికి పైగా, ఏట్రింతలు రెండు చచ్చిపడి యుండెను. అంతకన్న భయంకరమైనదేమన, కోతపనికి వచ్చిన కుటుంబముల పిల్లలు ఆ గువ్వలను వండుకొనుటకు సంచిలో ఏరుకొనుచుండిరి. సంచి పుచ్చుకొని గొయ్యి త్రవ్వి పూడ్పించితిమి. ఆ పిల్లలకు బదులుగా కోడిగ్రుడ్లు కొనియిచ్చిన రైతునకు నేను నమస్కరించుచున్నాను. గుళిక చూపునకు గింజవలె నుండును. చిన్నపిట్ట ప్రాణము తీయుటకు ఒక్క గుళిక చాలును. గువ్వలకై యైనచో, మినుము చల్లిన మొదటి వారము ఉదయమును సాయంకాలమును మనిషి యొకడు మడిలో నడచిన చాలును. మొలక రెండాకులు వేసినంతనే వాని ఆశ తీరును.

గూబల విషయమున ఈ పొరపాటు మరింత నష్టకరము. చావుపిట్టయని మనవారు జడియు తెల్లమొగపు గూబ, పగిడికంటె యను చిన్నగూబ, పగటిపూట ఎలుకపై దిగు అడవి రామదాసు (నిలిచినచోటనే రెక్కలాడించు తెల్లని చిన్నడేగ యిది) వరిచేలకు జీతములేని కావలివారు. తెల్లమొగపు గూబ రాత్రికి రెండు మూడు చిన్న ఎలుకలను తినును. పిల్లలున్నప్పుడు అంతకంటె ఎక్కువ తెచ్చును. డెల్టాలో ఎలుకబుట్టలు పెట్టించి, తలకింత యని కూలి యిచ్చు రైతు ఆ లెక్క తానే వేసికొనగలడు. విషపుటెరతిని చచ్చు ఎలుక కలుగులోనే చావదు. తూలుచు బయటికి వచ్చును. దానిని తిన్న గూబయు చచ్చును. మరుసటి పంటకు ఎలుకలు తిరిగి పెరుగును, గూబ అంత త్వరగా పెరుగదు. ఇట్లు తెలియక చేసిన పని ఎంతదూరము పోవునో రాబందుల కథ చెప్పుచున్నది. పశువుల నొప్పికి వాడిన డైక్లోఫెనాక్ మందు కళేబరమునుండి రాబందు కడుపున బడి, నూటికి తొంబదియైదింటికి పైగా నశించినవి. కారణము 2004లో బయటపడినది. 2006లో పశువులకు ఆ మందు నిషేధించిరి. ఇంకను మన చెరువుగట్లపై చచ్చిన పశువును కుక్కలే పీకుచున్నవి. ఊరకుక్కలు హెచ్చుట మీరు చూచుచున్నదే.

వన్యప్రాణుల రక్షణచట్టము 1972లో వచ్చినది. దాని ప్రకారము అడవి పక్షిని పట్టుట, చంపుట, చిలుకను పంజరమున పెంచుట సయితము నేరములు. కేసులకు భయపడి పక్షిని వదలుమని చెప్పుట నాకు రుచింపదు. తెలిసియుండుట మంచిదని వ్రాసితిని. మన పెద్దలు చట్టము లేనినాడే వరికంకుల కుచ్చులల్లి దేవాలయ మండపమునను, ఇంటి వసారాలోను పిచ్చుకలకు వ్రేలాడదీసిరి. కోసిన మడిలో రాలిన గింజనుకూడ వదలక పిట్టలను తోలు కొందరిని చూచినప్పుడు ఆ కుచ్చులు జ్ఞప్తికి వచ్చును. రాలిన గింజ గాదెకు రాదు. పిట్ట తిన్నచో వచ్చు పంటలో బెరకు తగ్గును.

చూచినది వ్రాసిపెట్టుట ఎందులకని యడుగవచ్చును. కడప జిల్లా సిద్ధవటము ప్రాంతమున కలివికోడి యని యొక పక్షి గలదు. కలివిపొదలలో రాత్రివేళ తిరుగును. నెల్లూరున వైద్యాధికారిగా నుండిన జెర్డన్ దొర 1848లో దానిని లోకమునకు తెలిపెను. తరువాత 1900 మొదలు ఎవరికిని కానరాక, నశించినదని గ్రంథములందు వ్రాసిరి. 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర దానిని పట్టి చూపినవాడు ఆ యూరి మనుష్యుడే. పట్టణపు పండితులు వెదకుచుండగా పల్లెటూరివానికి దాని నడక తెలిసియుండెను. మీ చేనిలో దిగిన పక్షిని మీకంటె ఎక్కువ తెలిసినవారు ఎక్కడినుండియో రానక్కరలేదు.

పుస్తకమున తేది, వేళ, చేని పైరు, పక్షి, దాని సంఖ్య, ముక్కున నేమున్నదో వ్రాయుడు. పేరు తెలియనిచో మీ యూరి పేరే వ్రాయుడు. లేదా తోక, కాళ్ల రంగు వ్రాసిన చాలును. చచ్చిన బాతుకో ఉల్లంకికో కాలికి లోహపుటుంగరము కనబడినచో పారవేయక, దానిపై చెక్కిన సంఖ్యను వ్రాసికొని, అందున్న చిరునామాకు తెలియజేయుడు. ముంబయిలో 1883లో స్థాపింపబడిన ప్రకృతి చరిత్ర సంఘమువారు ఇట్లు ఉంగరములు తొడిగి పక్షుల ప్రయాణమును కనుగొనుచున్నారు.

సంక్రాంతి నాటికి గులాబివన్నె గోరువంకలు మాఘీజొన్న చేలకు చేరును. అవి తమ దేశమున మిడుతలను తిను గొప్ప ఉపకారులు. చైనావారు సింకియాంగు పచ్చికబయళ్లలో వానికి గూళ్లు పెట్టుటకై రాళ్లగుట్టలు పేర్చియిచ్చుచున్నారు. కాని మన జొన్నకంకికి వచ్చునప్పటికి ఆ ఉపకారము మరచును. జొన్నరైతులలో మెరయు రిబ్బను కావలసినవారు తమ సేద్యపు విస్తీర్ణమును ఈ పక్షము ముగియులోపల మన సంఘ కార్యదర్శిగారికి తెలుపవలెను. కలిసి తెప్పించిన ధర తగ్గును. కంకి పాలుపట్టిన తరువాత తెప్పించిన వచ్చునప్పటికి పని యుండదు.